నూరు కిలోల పోస్టు

మా సంస్థలో ఎవరి అనుమతీ లేకుండా జరిగేది ఒక్కటే, గడ్డి పెరగడం. మిగతావన్నీ ఫైలు మీద నడుస్తాయి. ఆ ఫైళ్ళు నేను నడుపుతాను. నా పేరు సదాశివం, సీనియర్ అసిస్టెంటుని, ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఇక్కడ చెప్పబోయే ప్రతి తెలివితక్కువ పనికీ డ్రాఫ్టు రాసింది నేనే కాబట్టి, ఇంకెవరో చెప్పేలోగా నేనే చెప్పేస్తున్నాను.

మాది ప్రభుత్వోద్యోగులకి పాలన నేర్పే శిక్షణ సంస్థ. విజయనగరం నుంచి గంట ప్రయాణం. పాలమెట్ట అనే చిన్న కొండ మీద ఉంది. భవనానికీ గేటుకీ మధ్య నాలుగెకరాల పచ్చిక, అదంతా వాలు. ప్రతి శిక్షణ బ్యాచీ ఆఖరి రోజున ఆ పచ్చిక మీద నిలబడి గ్రూపు ఫోటో దిగుతుంది. ఆ ఫోటోలో అందరి బూట్లూ కనిపించాలని మా డైరెక్టరు జలంధరరావుగారి పట్టుదల. బూట్లు కనిపించాలంటే గడ్డి రెండంగుళాలు దాటకూడదు. మా సంస్థలో క్రమశిక్షణ అంటే స్థూలంగా ఇదే.

రెండేళ్ళ కిందట హెడ్డాఫీసువారు అన్ని శిక్షణ సంస్థలకీ తలా ఒక గడ్డి కోసే ట్రాక్టరు పంపారు. ఎర్రగా, పొట్టిగా, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మనిషి ఎక్కి కూర్చుని నడిపితే కింద బ్లేడు గడ్డి కోసుకుంటూ పోతుంది. చదును నేల కోసం చేసిన బండి అది. మాది కొండ అని హెడ్డాఫీసుకి తెలియదా అంటే తెలుసు. కాకపోతే ఆ సంగతి తెలిసిన సెక్షను వేరు, ట్రాక్టరు పంపిన సెక్షను వేరు.

మొదటి వాన పడగానే బండి వాలు మీద నిలబడి వెనక చక్రాలు గిర్రున తిప్పడం మొదలుపెట్టింది. చక్రాలు తిరుగుతాయి, బండి కదలదు. కదిలితే వెనక్కి జారుతుంది. డ్రైవరు అప్పలసూరి బొబ్బిలి దగ్గర పొలాల్లో పెద్ద ట్రాక్టరు నడిపి వచ్చినవాడు. దిగి ఒకసారి చుట్టూ తిరిగి చూసి, వెనక బరువు లేదన్నాడు. బరువు లేకపోతే టైరు నేలని పట్టుకోదన్నాడు. ఈ మాట చెప్పడానికి అతనికి అర నిమిషం పట్టింది. మా సంస్థ దీన్ని అర్థం చేసుకోడానికి ఏడాదిన్నర పట్టింది, అదీ పూర్తిగా కాదు.

అప్పలసూరి చేసిన పని చాలా చిన్నది. గోడలకి రంగు వేసినప్పుడు మిగిలిన రెండు ఖాళీ పెయింటు బకెట్లు తీసుకున్నాడు. పాత గేటు తాలూకు ఇనప ముక్కలు వాటిలో పడేసి, ముప్పాతిక వంతు వరకు సిమెంటూ కంకరా పోసి, నడిమధ్యన ఒక పొడుగాటి బోల్టు నిలబెట్టాడు. తడి గోనెపట్టా కప్పి వారం రోజులు పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరించాడు. గట్టిపడ్డాక బకెట్టు కోసి తీస్తే గుండ్రటి దిమ్మలు రెండు వచ్చాయి, ఒక్కోటి ముప్పై అయిదు కిలోలు. గడ్డి సంచీ తగిలించడానికి బండి వెనక ఉన్న ఇనప చట్రానికి ఆ రెండూ బిగించాడు. బండి బుద్ధిగా కొండెక్కింది. ఆ నెల ఫోటోలో బూట్లే కాదు, లేసులు కూడా కనిపించాయి.

ఇక్కడితో ఆగి ఉంటే చెప్పడానికి కథేమీ ఉండేది కాదు. ఒకరోజు ఉదయం నడకలో డైరెక్టరుగారు ఆ దిమ్మల్ని చూశారు. ఇవి ఎవరివి అని అడిగారు. ఎవరివీ కావు, మనవే అన్నాడు అప్పలసూరి. మనవైతే రిజిస్టరులో ఉండాలి కదా అని డైరెక్టరుగారు స్టోర్సు ఆఫీసరు భానోజీరావుగారిని పిలిపించారు.

భానోజీరావుగారు దిమ్మల చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశారు. ఈ వస్తువులు సంస్థలోకి ఎలా ప్రవేశించాయని అడిగారు. బయటినుంచి రాలేదండీ, ఇక్కడే చేశాను అన్నాడు అప్పలసూరి. ఆయన ముఖం ఇంకా పాలిపోయింది. ప్రవేశించిన వస్తువుకైతే ఏదో ఒక దారి ఉంటుంది, పుట్టిన వస్తువుకి దారి లేదు.

"మనది శిక్షణ సంస్థ. తయారీ అధికారం మనకు దఖలు పడలేదు" అని ఆయన తేల్చారు.

అప్పుడు అసలు చిక్కు వచ్చింది. స్టాకు రిజిస్టరులో లేని వస్తువుని వాడకూడదు. పారేద్దామా అంటే, పారేసినట్టు రాయాలంటే ముందు అది ఉన్నట్టు రాసి ఉండాలి. వాడకూడదు, పారెయ్యకూడదు. అందుకని ఆ దిమ్మలకి ఎర్ర దారం కట్టి, లక్క ముద్ర వేసి, స్టోర్సు గదిలో ఒక మూల పెట్టించారు. ముద్ర ఉన్న వస్తువుకి కాపలా ఉండాలి కాబట్టి కాపలాకి ఒక మనిషిని వెయ్యమన్నారు. ఆ ఉత్తర్వు నేనే రాశాను. రాసేటప్పుడు నవ్వు రాలేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆ జబ్బు నయమైపోతుంది.

కాపలాకి దొరికినవాడు కూర్మారావు. గేటు దగ్గర అటెండరు, కాంట్రాక్టు మనిషి. గేటుకి మీట నొక్కితే లేచే కమ్మీ పెట్టాక అతనికి పని లేకుండా పోయింది. నెలాఖరుకి తీసేస్తారని అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. కొండ దిగువన అతని భార్య నరసమ్మ ఇడ్లీ బండి నడుపుతుంది. మనిషి కొండలా ఉంటాడు, మాట మాత్రం దూది. నలభై ఏడేళ్ళ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారని అప్పుడప్పుడు నా బల్ల దగ్గరికొచ్చి అడిగేవాడు. నేను టీ తెప్పించేవాణ్ణి.

ఇంతలో హెడ్డాఫీసు నుంచి కమిషనరుగారు పదిరోజుల్లో వస్తున్నారని కబురు. గడ్డి మోకాళ్ళ దాకా ఉంది. అప్పలసూరి భానోజీరావుగారి దగ్గరికి వెళ్ళి దిమ్మలు ఒక్క పూటకి ఇప్పించమన్నాడు. కుదరదన్నారు. అయితే దిమ్మలకి కాపలా ఉన్న మనిషినైనా ఇప్పించండి అన్నాడు. దానికి అభ్యంతరం చెప్పే నిబంధన ఆయనకి తోచలేదు.

కూర్మారావు ఆ ఇనప చట్రం మీద, అప్పలసూరి వీపుకి తన వీపు ఆనించి, కొండ దిగువకేసి చూస్తూ కూర్చున్నాడు. బండి కొండెక్కింది. డైరెక్టరుగారు బాల్కనీలో కాఫీ తాగుతూ ఇదంతా చూశారు. కప్పు పట్టుకునే కిందకి దిగి వచ్చారు.

"సదాశివం, ఆ మనిషి మన రిజిస్టరులో ఉన్నాడా?"

హాజరు పట్టీలో ఉన్నాడన్నాను.

"అయితే ఆడిట్ అభ్యంతరం రాదు" అన్నారు ఆయన. చాలా కాలం తరవాత ఆయన ముఖంలో ప్రశాంతత చూశాను.

ఆ సాయంత్రమే ఉత్తర్వు తయారైంది. 'చలన స్థిరతా సహాయకుడు' అని కొత్త పోస్టు. విధి: గడ్డి కోత సమయమున యంత్రము వెనుక భాగమున ఆసీనుడై ఉండుట. అర్హత: తెలుగు చదవడం, రాయడం వచ్చి ఉండవలెను, శరీరపు బరువు నూరు కిలోలకు తగ్గకుండవలెను. కూర్మారావుని కాటా ఎక్కిస్తే నూట పద్దెనిమిది ఉన్నాడు. నూరు అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందని అప్పలసూరి అడిగాడు. దిమ్మలు రెండూ కలిపి డెబ్బయ్యే కదా అన్నాడు. నిబంధనలో అంకె గుండ్రంగా ఉండాలని డైరెక్టరుగారు వివరించారు.

కూర్మారావుకి నీలం యూనిఫాం ఇచ్చారు. ఉద్యోగం నిలబడింది. ఆ రోజు నరసమ్మ ఆఫీసు మొత్తానికి ఇడ్లీలు పంపింది. నేను నాలుగు తిన్నాను. అంతమంది అంత సంతోషంగా ఉండగా ఇందులో తప్పేముందో నాకూ కనబడలేదు.

కమిషనరుగారు వచ్చారు, చూశారు. ఆవిడ అప్పుడే ఏదో సదస్సు నుంచి వచ్చి ఉన్నారు. యంత్రాలు మనుషుల్ని తోసేస్తున్న ఈ కాలంలో యంత్రం మీదే మనిషికి చోటు చూపించిన సంస్థ ఇదొక్కటేనని, దీన్ని 'మానవ కేంద్రిత సాంకేతికత' అంటారని చెప్పారు. మా డైరెక్టరుగారు తాను మొదటినుంచీ అలాగే అనుకుంటున్నట్టు తల ఊపారు. మరుసటి బ్యాచీ నుంచి శిక్షణలో దీని మీద గంటన్నర పాఠం చేర్చారు. ఎక్కడెక్కడి అధికారులో వచ్చి పచ్చిక గట్టున నిలబడి, కూర్మారావు కొండెక్కడం, దిగడం చూస్తూ నోట్సు రాసుకునేవారు. ఒకాయన లేచి ఇద్దరు యాభై కిలోల మనుషుల్ని వెయ్యవచ్చా అని ప్రశ్న వేశాడు. పోస్టు ఒకటే కాబట్టి కుదరదని డైరెక్టరుగారు జవాబిచ్చారు. వచ్చినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

ఒక పోస్టు పుట్టాక దానికి నిబంధనలు వాటంతటవే పుడతాయి. రోజూ ఉదయం ఎనిమిదింటికి స్టోర్సులో ఉన్న కాటా మీద సహాయకుణ్ణి తూచాలి, అంకె నేను రాయాలి, డైరెక్టరుగారు సంతకం చెయ్యాలి. డ్యూటీ మధ్యలో మరుగుదొడ్డికి వెళ్ళివస్తే మళ్ళీ తూచాలి. కార్తీక మాసంలో కూర్మారావు సోమవారాలు ఉపవాసం ఉంటానంటే దాని మీద ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంది. మత స్వేచ్ఛకు సంస్థ వ్యతిరేకం కాదనీ, అయితే ఉపవాసము వలన కలుగు తరుగుదలను మునుపటి దినమున ముందస్తుగా భర్తీ చేసుకొనవలెననీ తీర్మానించారు. అంటే ఆదివారం రెండింతలు తినాలన్నమాట. అతను తిన్నాడు. ఉద్యోగం కోసం అందరం ఏదో ఒకటి మింగుతాం, అతను అన్నం మింగాడు.

ఫాల్గుణంలో అతని కుడికాలికి చట్రం అంచు గీసుకుంది. చిటికెన వేలు పక్కన చిన్న గాటు. నెల దాటినా మానలేదు. పట్నంలో డాక్టరమ్మకి చూపించుకుంటే సుగరు మూడువందల నలభై ఉందని తేలింది. మందులు రాసి, పాతిక ముప్పై కిలోలు తగ్గితే తప్ప కాలు దక్కదని ఆవిడ మొహమాటం లేకుండా చెప్పిందట. కూర్మారావు ఆ చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఒకవైపు ఆ చీటీ, ఇంకోవైపు నూరు కిలోలకు తగ్గరాదన్న మా ఉత్తర్వు. రెండింటిలోనూ సంతకాలు సరిగ్గానే ఉన్నాయి.

అతను కాలునే ఎంచుకున్నాడు మొదట. రాగి అంబలి, పొద్దున్నే మెల్లగా నడక. నరసమ్మ ఇడ్లీలు లెక్క పెట్టి రెండే ఇచ్చేది. కాటా మీద ముల్లు దిగడం మొదలుపెట్టింది. నూట పన్నెండు, నూట ఆరు, నూట రెండు. వేసవి సెలవులయ్యేసరికి తొంభై తొమ్మిదిన్నర. ఆ రోజే మెమో ఇచ్చారు. 'తమరు గత మూడు మాసములుగా విధి నిర్వహణలో క్రమముగా తగ్గుచున్నట్లు రికార్డుల వలన విదితమగుచున్నది. తమపై ఎందుకు చర్య తీసుకొనరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

మెమో నేను రాశాను. అతనికి ఆఫీసు భాషలో రాయడం రాదు కాబట్టి సంజాయిషీ కూడా నేనే రాశాను. ఆ సంజాయిషీ సంతృప్తికరముగా లేదని ఫైలు మీద నోటు కూడా నేనే పెట్టాను. మా ఆఫీసులో న్యాయం ఇలా ఒకే చేతిరాతలో సాగుతుంది.

పదిహేను రోజుల గడువిచ్చారు. ఈలోగా తన పోస్టుకి వేరే మనుషుల దరఖాస్తులు రావడం కూర్మారావు చూశాడు. మా జిల్లాలో నూరు కిలోల నిరుద్యోగులు అంతమంది ఉన్నారని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. వాళ్ళు గేటు బయట నిలబడి అరటిపళ్ళు తింటుంటే లోపల ఇతను అంబలి తాగడం ఎలా కుదురుతుంది? అంబలి మానేశాడు. తూకానికి ముందు చద్దన్నం కుండ ఖాళీ చేసి, పైన చెంబుడు గంజి తాగి వచ్చేవాడు. ముల్లు మళ్ళీ నూట మూడుకి ఎక్కింది. క్రమశిక్షణా చర్యల వల్ల ఉద్యోగి పనితీరు మెరుగుపడునని డైరెక్టరుగారు ఆ వారం పాఠంలో అతన్నే ఉదాహరణ చెప్పారు.

ఆషాఢంలో అతని చిటికెన వేలు నల్లబడింది. ఆసుపత్రిలో చేర్చారు. వేలు తీసేశారు.

ఇరవై రెండు రోజుల తరవాత కర్ర పట్టుకుని డ్యూటీకి వచ్చాడు. ఆసుపత్రి తిండితో చిక్కిపోయాడు. కాటా ఎక్కించాం. తొంభై ఎనిమిది. డైరెక్టరుగారు సంతకం చెయ్యబోతూ కలం ఆపారు. ఆయన చెడ్డ మనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. కూర్మారావు మీద ఆయనకి నిజంగానే జాలి కలిగింది.

"మనం మరీ కఠినంగా ఉండకూడదు సదాశివం. తొలగించిన అవయవం బరువు మినహాయింపు ఇద్దాం. ఆ మేరకు ధ్రువపత్రం తెమ్మను" అన్నారు.

నేను రాశాను. 'శస్త్రచికిత్స ద్వారా తొలగింపబడిన భాగము యొక్క నికర బరువును సంబంధిత ఆసుపత్రివారిచే ధ్రువీకరింపజేసి మూడు పని దినములలో సమర్పించవలెను.' నికర బరువు అన్న మాట నా సొంతం. డైరెక్టరుగారు అనలేదు. వాక్యానికి నిండుదనం వస్తుందని వేశాను.

ఆ కాగితం కూర్మారావుకి చదివి వినిపించాను. అతను కర్ర గోడకి ఆనించి బెంచీ మీద కూర్చున్నాడు. కోపం రాలేదు. అది తేలేకపోవడం తన తప్పే అన్నట్టు నెమ్మదిగా జవాబు చెప్పాడు.

"ఏలు ఏటి సేసినారో నానడగనేదు బాబూ. తెలివొచ్చి సూసుకుంటే నేదు. ముందు తెలిస్తే తూయించి ఉందును."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇరవై ఆరేళ్ళుగా వేల కాగితాలు రాశాను, ఒక్క దానికీ సిగ్గుపడలేదు. ఆ మధ్యాహ్నం సిగ్గుపడ్డాను. అన్నం క్యారేజీ విప్పి, మళ్ళీ మూసేశాను. అప్పలసూరి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అతను ఎప్పుడూ నా గదిలోకి రాడు.

"సిమెంటుకి సుగరు రాదు గదా బాబూ" అన్నాడు.

ఆ రోజు మొదటిసారి ఒక ఫైలు నా అంతట నేను మొదలుపెట్టాను. డైరెక్టరుగారికి నేరుగా వెళ్ళి దిమ్మలే వాడుకుందాం అని చెప్పవచ్చు కదా అని మీరనవచ్చు. అప్పటికే ఈ పథకం పేరు రాష్ట్రస్థాయి అవార్డుకి పంపి ఉన్నాం. దిమ్మలు వస్తే పోస్టు పోతుంది, పోస్టు పోతే కూర్మారావు పోతాడు. నాకు తెలిసిన విద్య ఒక్కటే, దాంతోనే ఏదైనా చెయ్యాలి.

రెండు నోట్లు పెట్టాను. ఒకటి, సహాయకుడు శస్త్రచికిత్స అయినవాడు కాబట్టి ఇనప చట్రం మీద కూర్చోడానికి ఒక మెత్త మంజూరు చెయ్యవలెనని. రెండోది, గాయపడిన సహాయకుడు కాటా మీద నిలబడునప్పుడు పడిపోకుండా ఒక బాధ్యతగల ఉద్యోగి వెనుక నిలిచి భుజముపై చేయి వేసి ఆసరా ఇవ్వవలెనని. రెండూ సంక్షేమ చర్యల కింద చూపించాను. సంక్షేమం అన్న మాట ఉంటే డైరెక్టరుగారు కింది భాగం చదవరు. సంతకం చేశారు.

మెత్త కుట్టించే పని అప్పలసూరికి అప్పజెప్పాను. కూర్మారావు ఎంత తగ్గినా బండి జారకూడదని పాత రేకులు, ఇనప ముక్కలు, ఇసుక కలిపి అడుగున గట్టిగా దట్టించి, పైన రెండంగుళాల దూది పరిచి, నీలం గుడ్డ వేసి కుట్టించాడు. ఇద్దరు మోసుకొచ్చి చట్రం మీద పెట్టారు. భానోజీరావుగారి రిజిస్టరులో నేను దాన్ని నమోదు చేశాను: మెత్త ఒకటి, రంగు నీలం, పొడవు ఇంత, వెడల్పు ఇంత. మెత్తలకి బరువు రాసే గడి ఆ రిజిస్టరులో లేదు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి కూర్మారావు కాటా ఎక్కాడు. డైరెక్టరుగారు ఎదురుగా ముల్లు దగ్గర నిలబడ్డారు. నేను వెనక నిలబడి అతని భుజం మీద చెయ్యి వేశాను. ముల్లు తొంభై ఎనిమిది దగ్గర ఊగుతోంది. నొక్కాను. అతను ఒక్క క్షణం బిగుసుకుని, అర్థమై, వదులయ్యాడు. తొంభై తొమ్మిది. నూరు. నూట ఒకటిన్నర.

"చూశావా, సంక్షేమం ఎలా పనిచేస్తుందో" అన్నారు డైరెక్టరుగారు సంతకం పెడుతూ. వేలు ధ్రువపత్రం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తరవాత కూర్మారావు మళ్ళీ అంబలికి వచ్చాడు. గేటు నుంచి భవనం దాకా రోజూ రెండుసార్లు నడిచాడు. అతను తగ్గుతున్న కొద్దీ నేను నొక్కుతూ వచ్చాను. ఆరు కిలోలు నొక్కడం తేలిక. పది దాటాక మోచేతిలో నొప్పి మొదలైంది. రాత్రిళ్ళు మా ఆవిడ కొబ్బరినూనె రాస్తూ, ఆఫీసులో అంత రాతపనా అని జాలిపడింది. అవునన్నాను.

భాద్రపదంలో అవార్డు కమిటీ వచ్చింది. ముగ్గురు. అందులో ఒకాయన మెకానికల్ ఇంజనీరు, సూటిగా చూసే మనిషి. తూకం వేళ డైరెక్టరుగారికి బదులు ఆయనే ముల్లు దగ్గర నిలబడ్డారు. ముల్లుని చూశారు, కూర్మారావుని చూశారు. వదులైపోయిన యూనిఫాం చూశారు. తరవాత నా చెయ్యి చూశారు.

"ఆయన భుజం మీద మీ చెయ్యెందుకు?"

"ఆసరా అండి" అన్నాను. "సంక్షేమ ఉత్తర్వు, రెండో పేరా."

"తీయండి."

కూర్మారావు మెడ వెనక చెమట పట్టడం కనిపించింది. అతని ఉద్యోగం, అతని కాలు రెండూ ఆ నిమిషాన నా అరచేతి కింద ఉన్నాయి. చెయ్యి తీస్తే ఎనభై తొమ్మిది. తీయడానికి వీల్లేదని చెప్పేంత ధైర్యం నాకు జన్మలో లేదు. అయితే నాకు లేని ధైర్యం ఫైలుకి ఉంటుంది. ఉత్తర్వు తెరిచి ఆయన చేతిలో పెట్టాను. 'ఆసరా లేకుండా తూచుట నిషిద్ధము. అట్లు తూచిన ఎడల కలుగు ప్రమాదమునకు తూకము వేయించిన అధికారి వ్యక్తిగతముగా బాధ్యత వహించవలెను.'

ఆయన ఆ ఆఖరి వాక్యం రెండుసార్లు చదివారు. కూర్మారావు కాలి కట్టు చూశారు. మా డైరెక్టరుగారి వైపు చూశారు. ఆయన ఆకాశం వైపు చూస్తున్నారు. అప్పుడు ఇంజనీరుగారి ముఖంలో ఏదో కదిలింది. విషయం అర్థమైందని నాకు తెలిసిపోయింది. అర్థమైనా ఆయనా ఉద్యోగే.

"నూట రెండు. రాసుకోండి" అన్నారు.

బండి వాలు మీదికి చక్కగా ఎక్కింది. మెత్త తన పని తాను చేసింది. అవార్డు వచ్చింది. రాష్ట్రంలో మిగిలిన పన్నెండు సంస్థల్లోనూ ఇదే పోస్టు, ఇదే కాటా, ఇవే నిబంధనలు అమలు చెయ్యాలని ఉత్తర్వులు వెళ్ళాయి. ఏడు సంస్థలు చదును నేల మీదే ఉన్నాయి, అక్కడ బండి మామూలుగానే నడుస్తోంది. అయినా నమూనా ఏకరూపంగా ఉండాలన్నారు. సంక్షేమ ఉత్తర్వు రెండో పేరా కూడా అక్షరం పొల్లుపోకుండా అందులో చేర్చారు. మొన్న అనంతపురం వైపు నుంచి ఒక సీనియర్ అసిస్టెంటు ఫోను చేశాడు. చెయ్యి కుడి భుజం మీద వెయ్యాలా, ఎడమ భుజం మీదా అని అడిగాడు. తరవాత, ఎన్ని కిలోల మేరకు వెయ్యవచ్చు అని గొంతు తగ్గించి అడిగాడు. ముల్లు చూసుకుంటూ వెయ్యమన్నాను.

కార్తీకం మొదటి సోమవారం కూర్మారావు ఎవర్నీ అడక్కుండా ఉపవాసం ఉన్నాడు. ఆ రోజు తూకానికి వచ్చినప్పుడు కర్ర తేలేదు. అసలు బరువు ఎనభై ఆరు, రిజిస్టరులో నూట రెండు. తేడా పదహారు కిలోలు ఎక్కడున్నాయో నా మోచేతికి తెలుసు. డైరెక్టరుగారు సంతకం పెట్టి వెళ్ళిపోయాక అతను కాటా దిగి, చెప్పు విప్పి కాలు చూపించాడు. వేలు ఉన్నచోట చర్మం నున్నగా మూసుకుంది.

"మానిపోనాది బాబూ" అన్నాడు. తరవాత కొంచెం మొహమాటపడుతూ, "డాక్టరమ్మ ఇంకో ఆరు కిలోలు తగ్గమంటన్నాది. తవరు ఇంకాస్త గట్టిగా నొక్కాలి" అన్నాడు.